నాలుగో సీటు

ఫ్యాక్టరీలో ఆమెను అందరూ డేగకన్ను అంటారు. కిట్టనివాళ్ళు పెట్టిన పేరు కాదు, మెచ్చుకుని పెట్టిందే. మందు సీసాలు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో ఆమె పని చూడడం. అంతే, చూడడం. ఎదురుగా తెల్లటి లైటు పలక, దాని ముందు నుంచి బెల్టు మీద వరసగా సాగిపోయే గాజు సీసాలు. ఎక్కడైనా వెంట్రుకంత పగులో, మూతి దగ్గర పెచ్చో కనిపిస్తే ఆ సీసాను తీసి పక్కనున్న ఎర్ర డబ్బాలో వేయాలి. వినడానికి ఇదీ ఒక పనేనా అనిపిస్తుంది. గంటసేపు కూర్చుంటే తెలుస్తుంది.

ఆమె పన్నెండేళ్ళుగా కూర్చుంటోంది, అదీ ఇష్టంగా. ఆ సీసాలో మందు పోస్తారు, ఆ మందు ఎవరి బిడ్డో తాగుతుంది, అందులో గాజు పెంకు ఉంటే ఆ తల్లి ఏమైపోవాలి అని మొదటిరోజు అనుకుంది. ఆ ఆలోచన ఇప్పటికీ పాతబడలేదు. ఆమె చూసి పంపిన పెట్టె ఒక్కటి కూడా వెనక్కి రాలేదు. ఇంటికెళ్ళి మంచినీళ్ళు తాగేముందు కూడా గ్లాసును వెలుగుకెత్తి తిప్పి చూస్తుంది. సిటీ బస్సు నడిపే ఆమె మొగుడు, "అది స్టీలు గ్లాసే తల్లీ" అని నవ్వుతాడు.

పని మీద అంత ఇష్టమున్నవాళ్ళకు ఒక జబ్బు ఉంటుంది. ఆ ఇష్టం లేనివాళ్ళంటే చులకన. ఈమెకు అది బాగా ముదిరింది. ఎవరైనా నడుం పట్టేసిందంటే, "మనసు పెట్టి చెయ్యి, నడుం ఉన్నట్టే గుర్తుండదు" అనేది. కళ్ళు మండుతున్నాయంటే, "పని నచ్చితే అలుపు రాదమ్మా" అనేది. పన్నెండేళ్ళ మచ్చలేని మనిషితో ఎవరు వాదిస్తారు?

వాదించేది ఒక్కతే, ఆడపడుచు. మొగుడి చెల్లెలు. మూడేళ్ళ కిందట ఈమే మాట సాయం చేసి ఉద్యోగంలో పెట్టించింది. పక్కనే నాలుగో సీటు. ఆ పిల్ల నోరు ఒక్క క్షణం ఊరుకోదు. లైటు బాగాలేదంటుంది, స్టూలు బాగాలేదంటుంది, నీళ్ళ కుళాయి దూరమంటుంది. చెవిలో జోరీగ.

"పలక వెనక ట్యూబ్‌లైటు కొట్టుకుంటోంది వదినా. టప టప టప. సీసాలన్నీ నాట్యం చేస్తున్నట్టుంది."

"మూడో సీటులో నాకు బాగానే ఉంది."

"నీ ట్యూబు వేరు, నా ట్యూబు వేరు. కాస్త ఇటొచ్చి చూడు."

"చూడాల్సింది సీసాను, ట్యూబును కాదు."

అయినా ఒకప్పుడు ఇదంతా అంత బరువుగా ఉండేది కాదు. ఆ ఫ్యాక్టరీలో ఒక పద్ధతి ఉండేది. చూసేవాళ్ళు ఆరుగురు, ఒక్కొక్కరి ముందు నుంచి బెల్టు మీద ఒక్కో వరస. ఎదురు బల్ల దగ్గర సీసాల్ని పెట్టెల్లో సర్దేవాళ్ళు ఆరుగురు. ప్రతి అరగంటకూ రెండు నిమిషాలు బెల్టు ఆపేవారు. చూసేవాళ్ళు లేచి సర్దడానికి వెళ్ళేవారు, సర్దేవాళ్ళు వచ్చి చూసేవారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, ఈమె చేరేనాటికే ఉంది. కంటికి విశ్రాంతి, నడుముకు కదలిక, మధ్యలో నాలుగు కబుర్లు.

రెండు నెలల కిందట కొత్త మేనేజరు వచ్చాడు. చెడ్డవాడు కాదు, పొద్దున్నే అందరికంటే ముందు వచ్చేవాడు. కాగితం మీద లెక్క వేసి, రెండేసి నిమిషాలు కలిపితే రోజుకు అరగంట బెల్టు ఊరికే ఆగుతోందని తేల్చాడు. చూసేవాళ్ళు చూడాలి, సర్దేవాళ్ళు సర్దాలి అన్నాడు. అంతటితో సీటు మార్పు పోయింది. గొణుగుళ్ళు మొదలయ్యాయి. అప్పుడతను ఒకరోజు ఈమె అంటున్న మాట విన్నాడు. మరుసటి వారం ఎదురు గోడ మీద నీలం అక్షరాలతో పెద్దగా రాయించాడు: పని నచ్చితే అలుపు రాదు.

ఆమె మురిసిపోయింది. ఇంటికెళ్ళి మొగుడికి రెండుసార్లు చెప్పింది.

అతను తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, "మరి మా డిపోలో డ్రైవర్లకు మంచాలెందుకు వేశారంటావ్?" అన్నాడు.

"మీకు పని నచ్చక."

పదిహేనేళ్ళ కాపురంలో ఎక్కడ ఆగాలో అతను నేర్చుకున్నాడు.

ఒక మంగళవారం ఆడపడుచు సణుగుడు మరీ ఎక్కువైంది. పొద్దుట్నుంచీ తలనొప్పి, ట్యూబు, స్టూలు, మళ్ళీ ట్యూబు. మధ్యాహ్నం అన్నం తిని వచ్చేసరికి వదినకు ఒళ్ళు మండింది.

"లే అక్కణ్ణుంచి. ఈ పూట నేను కూర్చుంటా నీ సీటులో. లోపం ట్యూబులో ఉందో మనిషిలో ఉందో ఇవాళ తేలిపోతుంది."

"సీటు మారకూడదన్నారుగా?"

"ఒక్క పూటకు ఎవడు చూడొచ్చాడు. లే."

మారారు. నాలుగు గంటలసేపు ఆమె నాలుగో సీటులో కూర్చుంది. స్టూలుకు ఒక కాలు పొట్టి, దానికింద అట్టముక్క. ట్యూబు కొట్టుకునేమాట నిజమే. కానీ ఆమె పంతం మీద ఉంది. రెప్ప వేయడం కూడా తగ్గించి, ఉన్న మనసంతా పెట్టి చూసింది. ఒక్కసారి కూడా ఒళ్ళు విరుచుకోలేదు. సాయంత్రం లేచి, "చూశావా? ఏమైంది నాకు?" అంది. ఆడపడుచు మూతి ముడుచుకుని క్యారియరు తీసుకుంది.

తొమ్మిది రోజుల తర్వాత, గురువారం, ఐదు పెట్టెలు వెనక్కి వచ్చాయి. మందుల కంపెనీవాళ్ళు పంపారు. ఐదు పెట్టెల్లో కలిపి పదకొండు పగిలిన సీసాలు. ఫ్యాక్టరీ అంతా గుసగుసలు. ఆడపడుచును మేనేజరు గదికి పిలిచారు. పావుగంటకు తిరిగొచ్చి సీటులో కూర్చుంది. ఏమైందే అంటే, "ఏం లేదు" అంది.

ఆ పిల్ల నోట "ఏం లేదు" అన్నమాట రావడమే వింత. వదినకు అనుమానం వచ్చింది. మంచినీళ్ళ వంకతో సర్దే బల్ల చివరకు వెళ్ళింది. పెట్టెలు అక్కడే వరసగా పెట్టి ఉన్నాయి. ప్రతి పెట్టె మీదా ఒక చీటీ అంటించి ఉంటుంది. ఏ సీటు ముందు నుంచి వచ్చిందో, ఏ రోజో, ఏ పూటో అందులో రాసి ఉంటుంది. చీటీల కట్ట సీటుకే ఉంటుంది, మనిషికి కాదు.

సీటు నాలుగు. మంగళవారం. మధ్యాహ్నం.

ఆమె మళ్ళీ చదివింది. ఐదు చీటీలూ అవే. అక్కడున్న ఒక సీసాను తీసి వెలుగుకెత్తింది. భుజం దగ్గర బొటనవేలంత పగులు. వెంట్రుక కాదు, గీతలా ఉంది. మూడో సీటులో ఉండగా ఇది తన ముందు నుంచి పోతే కళ్ళు మూసుకుని పట్టేది. ఆ రోజు పోయింది. పోయినట్టు కూడా తెలియలేదు.

సాయంత్రం బస్టాపులో ఆడపడుచును నిలదీసింది.

"నీకేమిచ్చారు?"

"కాగితం. సోమవారంలోగా సంజాయిషీ ఇవ్వాలట. లేకపోతే మానేయాలట."

"ఆ పూట కూర్చుంది నేనని చెప్పలేదా?"

ఆడపడుచు రోడ్డు వైపు చూసింది. "ఎలా చెప్పను? సోమవారమే నిన్ను ఈ ఆరు సీట్లకూ లైను పెద్దను చేస్తున్నారు. ఎప్పుడూ ఏడ్చేదాన్ని నేను, నా మీద పడితే ఎవరూ ఆశ్చర్యపోరు. నీ మీద పడితే పన్నెండేళ్ళూ పోతాయి."

రోజంతా లైటు గురించి, స్టూలు గురించి, కుళాయి గురించి సణిగే మనిషి, ఉద్యోగం పోతుందంటే కిక్కురుమనలేదు. ఇలాంటిదానికా తను మనసు పెట్టి పనిచేయమని మూడేళ్ళుగా నీతులు చెబుతోంది? సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆ సిగ్గు వెనకే కోపం వచ్చింది. ఆ కోపం తనమీద కొంత, ఆ ట్యూబు మీద కొంత, రెండు నిమిషాల లెక్క వేసిన కాగితం మీద చాలా.

మర్నాడు పొద్దున్నే మేనేజరు గదిలో నిలబడింది.

"మంగళవారం మధ్యాహ్నం నాలుగో సీటులో ఉన్నది నేను సార్. ఆ పదకొండూ నేను వదిలినవే."

మేనేజరు మెల్లగా నవ్వాడు. "మీ ఆడపడుచు కదా. కాపాడుకోవాలని ఉంటుంది, అర్థం చేసుకోగలను. కానీ మీరు పగులు వదిలారంటే నేను నమ్మాలా?"

"నిజమే చెబుతున్నా సార్."

"ఆవిడ సంగతి వేరమ్మా. ఆవిడకు పనంటే ఇష్టం లేదు. మీకుంది. తేడా అక్కడే."

నిన్నటిదాకా అది ఆమె మాటే. ఇప్పుడు అవతలివాడి నోట వింటోంది. ఎంత సులువుగా ఉంది ఆ మాట. ట్యూబు మార్చక్కర్లేదు, స్టూలు మార్చక్కర్లేదు, మనిషిని తప్పుపడితే చాలు.

"సరే సార్. పరీక్ష పెట్టండి. ఇరవై పగిలిన సీసాలు తీసుకుని అడుగున రంగు చుక్క పెట్టండి. మీకు తోచినప్పుడు తోచినట్టు బెల్టు మొదట్లో కలపండి. మూడు గంటలు నాలుగో సీటులో ఉన్నదున్నట్టుగా నేను కూర్చుంటా. తర్వాత పెట్టెలు విప్పి చూడండి."

"మీరు ఇరవైకి ఇరవై ఏరేస్తారు. అప్పుడు?"

"అప్పుడు లోపం మనిషిదే. మా ఆడపడుచును పంపించేయండి, నేను అడ్డురాను."

గుమ్మం దాటాక గానీ తను ఏమన్నదో ఆమెకు తెలియలేదు.

ఆడపడుచుకు తెలిసేసరికి మధ్యాహ్నమైంది. అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"నా ఉద్యోగం పెట్టి పందెం కాశావా వదినా?"

"నోరు జారింది."

"జారితే మాత్రం అంతెత్తునుంచా? పోనీ, అక్కడ కాసేపు కళ్ళు మూసుకుని కూర్చో."

"అలా చేయను."

"చేయవని తెలుసు. అందుకేగా నా ఏడుపు."

శనివారం పొద్దున పరీక్ష పెట్టారు. మేనేజరూ, సర్దే బల్ల మేస్త్రీ కలిసి చుక్కలు పెట్టారు. ఆమె నాలుగో సీటులో కూర్చుంది. ఆమె కూర్చున్న చోటు నుంచి బెల్టు మొదలు కనబడదు, మధ్యలో గోడ అడ్డం.

మొదటి గంటలో ఆమె చేయి ఏడుసార్లు ఎర్ర డబ్బా వైపు వెళ్ళింది. ఏరిన ప్రతిసారీ లోపల చిన్న సంతోషం, వెంటనే దాని మీద భయం. ఇలాగే అన్నీ పట్టేస్తే పక్కనున్న పిల్ల గతేమిటి? ఎనిమిదోది వచ్చింది. మూతి కింద పగులు, స్పష్టంగా కనిపిస్తోంది. ఒక్కటి వదిలితే ఏమవుతుందిలే అనుకుంది. అనుకుంటూ ఉండగానే చేయి వెళ్ళి దాన్ని తీసేసింది. పన్నెండేళ్ళ చేయి, ఆమె మాట వినలేదు.

తర్వాత ట్యూబు టపటపలో సీసాలు ఒకదానికొకటి అతుక్కుపోయినట్టు రాసాగాయి. ఆమె కళ్ళు పెద్దవి చేసింది. పెదవి కొరుక్కుంది. సీసా, సీసా, సీసా అని లోపల పలుకుతూ చూసింది. ఇంకో నాలుగు తీసింది. మూడు గంటలూ పూర్తయ్యేసరికి మెడ బిగుసుకుపోయింది కానీ మనసులో ధీమాగానే ఉంది. తనకు తెలిసినంతవరకు ఒక్క పగులూ తప్పిపోలేదు. అంటే ఆడపడుచు ఉద్యోగం పోయినట్టే. ఆ పిల్ల ముఖం చూడలేక తల వంచుకుంది.

ఎర్ర డబ్బాలో చుక్క ఉన్నవి పన్నెండు. మేస్త్రి పెట్టెలు ఒక్కొక్కటే విప్పాడు. సీసాలు తిరగేసి చూస్తూ చుక్క ఉన్నవాటిని బల్ల మీద నిలబెట్టాడు. ఒకటి. రెండు. ఐదు. ఎనిమిది.

ఆమె వాటిని వేలితో తాకింది. వీటిలో ఒక్కదాన్ని కూడా తను చూసిన గుర్తు లేదు. బిడ్డలు తాగే మందు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోలేదు.

"మనసంతా పెట్టే చూశాను సార్," అంది. "పెట్టిన మనసుకు ఏమీ కనబడలేదు."

మేనేజరు వచ్చి తనే నాలుగో సీటులో కూర్చున్నాడు. పది నిమిషాలు చూశాడో లేదో కళ్ళు నులుముకుని లేచి, "దీని కాలు పొట్టిగా ఉందేమిటి?" అన్నాడు.

"మూడేళ్ళుగా అంతే సార్," అంది ఆడపడుచు. ఆ పిల్లకు నోరు మళ్ళీ వచ్చింది.

ఎలక్ట్రీషియను వచ్చి కొత్త ట్యూబు వేశాడు. వేరే స్టూలు తెప్పించారు. సోమవారం పొద్దున, అరగంటకోసారి సీటు మారుతూ, అదే పరీక్ష ఇంకోసారి పెట్టారు. ఈసారి ఇరవైలో ఒక్కటి పోయింది. ఆ ఒక్కటీ ఎలా పోయిందా అని ఆమె మధ్యాహ్నం అన్నం కూడా సరిగ్గా తినలేదు.

సాయంత్రం మేనేజరు పిలిచాడు. ఆడపడుచుకు ఇచ్చిన కాగితం వెనక్కి తీసుకున్నానన్నాడు. ఆరు సీట్లకూ ట్యూబులు, స్టూళ్ళు మారుస్తామన్నాడు. ఆమెను లైను పెద్దను చేసిన కాగితం కూడా చేతికిచ్చాడు.

"మరి సీటు మార్పు?"

"అది పైవాళ్ళతో మాట్లాడాలి. ఇంకో నెల చూద్దాం. ఈలోగా మీవాళ్ళకు మీరే నచ్చజెప్పాలి. మీ మాటంటే వాళ్ళకు గురి."

ఇంటికొచ్చి మొగుడికి చెప్పింది. "నెల రోజులు నచ్చజెప్పాలట."

"నచ్చజెబుతావా?"

"పన్నెండేళ్ళు అదే పని చేశా. ఇక చాలు."

ఆ రాత్రి ఆమెకు బాగా నిద్రపట్టింది. పనంటే ఇష్టం పోయిందేమోనని రెండు రోజులు లోలోపల భయపడింది. పోలేదు. ఇష్టం ఉంది కాబట్టే ఇంత మండుతోంది. ఇష్టం లేనిదాని గురించి ఎవరైనా మేనేజరుతో తగవు పెట్టుకుంటారా? మూడేళ్ళుగా ఆడపడుచు సణిగింది కూడా అందుకేనేమో, తనే వినిపించుకోలేదు.

మంగళవారం ఎనిమిదింటికి బెల్టు మొదలైంది. లైను పెద్ద సీటులో కూర్చోనక్కర్లేదు, నిలబడి చూసుకుంటే చాలు. ఆమె వెళ్ళి నాలుగో సీటులో కూర్చుంది. ఆడపడుచును మూడో సీటులో కూర్చోబెట్టింది. గోడ గడియారం ఎనిమిదిన్నర చూపించగానే లేచి, బెల్టు పక్కనున్న బటన్ నొక్కింది. లైను పెద్దకు ఆ అధికారం ఉంది. బెల్టు ఆగింది.

ఎవరూ కదల్లేదు. అందరూ మేనేజరు గది అద్దం వైపు చూస్తున్నారు. ఆమె సర్దే బల్ల దగ్గరకు వెళ్ళి ఖాళీ పెట్టె ముందు నిలబడింది.

అప్పుడు ఆడపడుచు లేచింది. "ఏం, మీకు నడుములు లేవా? లేవండి," అని మిగతావాళ్ళను గదమాయించి, వచ్చి వదిన పక్కన నిలబడింది. తర్వాత ఐదో సీటు లేచింది. ఆ తర్వాత అందరూ లేచారు.

మేనేజరు తలుపు తీసుకుని వచ్చాడు. "ఏమిటిది?"

"సీటు మార్పు సార్."

"నెల ఆగమన్నాను కదమ్మా."

"ఆగుతాను సార్. కానీ పగులు ఆగదు. అరగంట దాటాక అక్కడ కూర్చునేది మనిషి కాదు, బొమ్మ. మీరు వద్దంటే ఈ లైను పెద్ద పని వేరేవాళ్ళకు ఇచ్చేయండి. కళ్ళకు ఏమీ కనబడకపోయినా కూర్చుని, చూశానని చీటీ మాత్రం అంటించలేను."

అతను ఆమెనూ, ఆమె వెనక నిలబడ్డవాళ్ళనూ చూశాడు. ఆగిన బెల్టు మీద సీసాలు వరసగా మెరుస్తున్నాయి. గడియారం వైపు ఒకసారి చూశాడు. సర్దేవాళ్ళు ఆరుగురూ వచ్చి లైటు పలకల ముందు కూర్చున్నారు. చివరామె స్టూలు సరిచేసుకునేదాకా ఆగి, అతనే వెళ్ళి బెల్టు బటన్ నొక్కాడు.